ఎముకల నొప్పి అని ఏ.ఆర్.టి. మాత్ర మానవద్దు



కొంతకాలం క్రితం ఒక సహోదరి మా ఓ.పి.కి వచ్చారు. చాలా ఏళ్లుగా ఏ.ఆర్.టి. మందులు వాడుతున్నారు. వైరల్ లోడ్ అదుపులోనే ఉంది. కానీ నెలల తరబడి నడుము, తొడలు ఒకటే సలుపు. కింద కూర్చుంటే నేల మీద చెయ్యి ఊని తప్ప లేవలేరు. "ఆ మందులే ఎముకల్ని తినేస్తాయట సిస్టరమ్మా" అన్నారు. ఎవరో చెప్పిన ఆ మాట విని 15 రోజులుగా మాత్ర మానేశారు. ఆమె నొప్పి కంటే ఆ 15 రోజులే మమ్మల్ని ఎక్కువ భయపెట్టాయి. రక్తపరీక్షలో విటమిన్ డి 9 ఉంది. 20 కంటే తక్కువైతే లోపమని లెక్క.

ఆమె విన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఏ.ఆర్.టి. మాత్రలోని టెనోఫోవిర్ ఎముకల గట్టితనాన్ని కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గుదల మొదటి ఒకటి రెండేళ్లలోనే ఎక్కువ. తరువాత చాలామందిలో నిలకడకు వస్తుంది. అయితే మందు మానితే క్రిమి పెరిగి అదీ ఎముకలను దెబ్బతీస్తుంది, పైగా క్రిమి మందుకు లొంగకుండా పోవచ్చు. అవసరమైతే మందు మార్చేది డాక్టరుగారు, మనం కాదు.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి ఉండాలి. అది ఎక్కువగా ఎండ వల్ల చర్మంలోనే తయారవుతుంది. పొద్దున్నే నీరెండలో కూర్చుంటే చాలదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ, 10, 11 గంటల ప్రాంతంలో, చేతులకూ కాళ్లకూ కాసేపు ఎండ తగలాలి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే లాభం లేదు. వడగాలుల రోజుల్లో మాత్రం సాహసం వద్దు. కోడిగుడ్డు పచ్చసొనలో, చేపల్లో కొంత డి దొరుకుతుంది. కాల్షియం కొరకు రాగిజావ, నువ్వులు, పాలు, పెరుగు ఉన్నాయి.

డాక్టరుగారు 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాస్తే అది సాధారణంగా వారానికి ఒకటి. త్వరగా తగ్గుతుందని రోజూ పాలలో కలిపి తాగేవారిని చూశాము. రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంకొక ముఖ్య సంగతి. 2020 తరువాత మన ఏ.ఆర్.టి. కేంద్రాల్లో ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంది. ఖాళీ కడుపున దానితోపాటు కాల్షియం, ఐరన్ మాత్రలు గానీ గ్యాస్ మందు గానీ వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లే. ఏ.ఆర్.టి. మాత్ర రాత్రి 9 గంటలకు వేసుకునేవారు కాల్షియం మధ్యాహ్నం భోజనం తరువాత వేసుకోండి. రెంటికీ ఆరు గంటలకు పైగా ఎడం ఉంటుంది.

ఆ సహోదరి తిరిగి మందు మొదలుపెట్టారు. మూడు నెలలకు చెయ్యి ఊనకుండా లేచారు.

గజ్జల్లో నొప్పితో కుంటి నడక వస్తే డి లోపమే అనుకొని ఆగవద్దు. తుంటి ఎముకకు రక్తం అందక అరిగిపోవడం హెచ్.ఐ.వి. ఉన్నవారిలో కొంత ఎక్కువ. ఎక్స్‌రే, స్కానింగ్ కావాలి. వచ్చేటప్పుడు ఏ.ఆర్.టి. పుస్తకం, మెడికల్ షాపులో కొన్న మాత్రల అట్టలు తెచ్చుకోండి. పదిమందిలో పేరు పెట్టి చెప్పనవసరం లేదు, సిస్టరు బల్ల మీద పెడితే చాలు, మేము చూసుకుంటాము.