టైమింగ్ బెల్టు తెగిపోవుట

టైమింగ్ బెల్టు అనగా కారు ఇంజనులో క్రాంక్‌షాఫ్టు భ్రమణమును కామ్‌షాఫ్టుకు అందించే పళ్ళు గల రబ్బరు పట్టీ. ఇంజను నడుస్తుండగా ఇది తెగినచో పిస్టన్లు వాల్వులను ఢీకొని భారీ నష్టము కలుగుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో యాత్రికులను చేరవేసే అద్దె కార్లు కొద్ది సంవత్సరములలోనే లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. కావున ఈ సమస్య ఇక్కడి వాహనదారులు తప్పక తెలుసుకోవలసినది.

దీనిని ఫ్యాను బెల్టుగా పొరబడరాదు. ఫ్యాను బెల్టు ఇంజను బయట కనిపిస్తుంది; అది తెగితే బ్యాటరీ ఛార్జింగు ఆగిపోతుంది, కొన్ని వాహనములలో ఇంజను వేడెక్కుతుంది. టైమింగ్ బెల్టు మూత లోపల ఉంటుంది. మూత విప్పనిదే దాని పరిస్థితి తెలియదు.

పనిచేయు విధానము

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగములో ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చే సమయానికి వాల్వు తప్పుకొని ఉండాలి. ఈ పొందికను కాపాడేది బెల్టు పళ్ళే.

పూర్వము ఈ పనికి గేర్లు లేదా చైను వాడేవారు. పళ్ళ రబ్బరు బెల్టుతో పెద్ద సంఖ్యలో తయారైన మొదటి కారు జర్మనీకి చెందిన గ్లాస్ 1004 (1962). బెల్టు చప్పుడు చేయదు, దానికి నూనె అవసరం లేదు, ఖర్చు కూడా తక్కువ. అయితే రబ్బరు కనుక దానికి ఆయుష్షు పరిమితము.

నష్టము ఎలా జరుగుతుంది

బెల్టు తెగిన క్షణములో కామ్‌షాఫ్టు ఆగిపోతుంది. అప్పుడు తెరిచి ఉన్న వాల్వులు తెరిచే ఉండిపోతాయి. క్రాంక్‌షాఫ్టు మాత్రము వెంటనే ఆగదు. డీజిల్ ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికి, హెడ్డుకు మధ్య మిగిలే ఖాళీ సుమారు ఒక మిల్లీమీటరే. తెరుచుకున్న వాల్వు ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంటుంది. కావున ఢీకొనక తప్పదు. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, రాకర్లు విరుగుతాయి. తల తెగిన వాల్వు సిలిండరులో పడితే పిస్టన్ కూడా పోతుంది. మెకానిక్కులు "హెడ్డు దించాలి" అనేది ఇటువంటప్పుడే. కొన్ని పెట్రోలు ఇంజనులలో చాలినంత ఖాళీ ఉండుట వలన కొత్త బెల్టు వేస్తే సరిపోతుంది.

ఏ కార్లలో ఉన్నది

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో చైను ఉండేది. మారుతి 800, హ్యుందాయ్ సాంత్రో, టాటా ఇండికా డీజిల్ కార్లలో బెల్టు వచ్చింది. 2005 నుండి 2016 వరకు అమ్ముడైన టయోటా ఇన్నోవా 2.5 డీజిల్ ఇంజనుకూ బెల్టే. దాని తరువాత వచ్చిన క్రిస్టా డీజిల్‌కు చైను. స్విఫ్ట్ డిజైర్ 1.3 డీజిల్ ఇంజనుకు కూడా చైనే. ఒకే స్టాండులో పక్కపక్కన నిలిచిన రెండు ఇన్నోవాలకు ఒకే జాగ్రత్త వర్తించదన్నమాట.

ఘాట్ రోడ్డుపై తెగినచో

తిరుమలకు 1974లో వచ్చిన రెండవ ఘాట్ రోడ్డు ఎక్కుటకు, 1944 నాటి మొదటిది దిగుటకు వాడుతున్నారు. భాకరాపేట, మొగిలి ఘాట్లు కూడా ఈ ప్రాంతములోనివే. దిగేటప్పుడు బండి గేరులో ఉంటుంది కనుక, బెల్టు తెగినా చక్రములే ఇంజనును తిప్పుతూ నష్టమును పెంచుతాయి. అయినా అప్పుడు ఇంజను గురించి ఆలోచించుట వృథా. దానికి జరగవలసినది మొదటి సెకనులోనే జరిగిపోయింది. బండిని ఆపుట ముఖ్యము. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు పెడలుకు తోడ్పాటు రెండు మూడు సార్లకే మిగులుతుంది. కావున పెడలును పదేపదే తొక్కక, ఒకేసారి గట్టిగా నొక్కిపట్టి, అంచుకు చేర్చి, హ్యాండు బ్రేకు వేసి చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టాలి. గేరు తీసి న్యూట్రలులో కిందికి వదలుట ఘాట్లో ప్రాణాపాయము.

ఆగిన తరువాత సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను మామూలు కంటే తేలికగా, వేగముగా తిరిగితే బెల్టు పోయినట్లు అనుమానించాలి. మళ్ళీ సెల్ఫు కొట్టరాదు. వాలు ఉన్నది కదా అని తోసి స్టార్టు చేయుట మరీ ప్రమాదము. రాకర్లతో పోయే నష్టము పిస్టన్ల దాకా చేరవచ్చు. బండిని లాగించుకొని పోవలసిందే.

మార్చవలసిన సమయము

ఇంజనును బట్టి ఇది 60,000 నుండి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కారుతో ఇచ్చే పుస్తకములో కిలోమీటర్లు, సంవత్సరములు రెండూ ఇస్తారు. ఏది ముందు వస్తే అది లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండ, దుమ్ము, సీళ్ళ నుండి కారే నూనె రబ్బరును ఇంకా త్వరగా పాడుచేస్తాయి. బెల్టుతో పాటు టెన్షనరు, ఐడ్లరు బేరింగులను కూడా మార్చాలి; బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. పాత ఇన్నోవాలో గడువు వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డుపై దీపము వెలుగుతుంది. బెల్టు మార్చకుండానే ఆ దీపమును ఆర్పివేయవచ్చు. కావున పాత అద్దె కారు కొనేవారు దీపము వెలగనంత మాత్రాన నమ్మక, బెల్టు మార్చిన బిల్లు అడగాలి. బిల్లు లేనిచో వెంటనే కొత్తది వేయించాలి.