గ్రామసభలో గొంతు విప్పేదెలా?

గ్రామసభ ముగిసిన అరగంటకు టీ దుకాణం దగ్గర అసలు సభ మొదలవుతుంది. శివారు పొలానికి కాలువ నీరు ఎందుకు రాలేదో, బోరు ఎవరి పెరటి పక్కన పడిందో, పింఛను జాబితాలోంచి ఎవరి పేరు ఎలా ఎగిరిపోయిందో అక్కడ అందరూ అనర్గళంగా చెబుతారు. అంతకు ముందు పంచాయతీ కార్యదర్శి "ఇంకెవరైనా మాట్లాడేదుందా?" అని అడిగినప్పుడు మాత్రం వీరిలో ఒక్కరూ లేవరు. ఎప్పుడూ లేచే ఆ ఇద్దరు ముగ్గురే లేస్తారు. టీ దుకాణంలో అన్న మాట మినిట్సు పుస్తకంలోకి ఎక్కదు. పుస్తకంలోకి ఎక్కని మాటను పట్టుకుని మండలాఫీసుకు వెళితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న "తీర్మానం ఉందా?" అనే.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఊరి పెద్దకు ఎంత హక్కుందో చివరి వీధి ముసలమ్మకూ అంతే ఉంది. ఆ ముసలమ్మ లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పడమెలా అన్నదే సమస్య.

ఈ విద్యకు పుస్తకాలు ఎక్కడినుంచో తెప్పించుకోనవసరం లేదు. నలుగురిలో మాట్లాడటం ఎలాగో, ఎలా మాట్లాడకూడదో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు వందేళ్లకు పైగా తెలుసు.

ఎలా మాట్లాడకూడదో చెప్పినవారు గురజాడ అప్పారావు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం ఒక బండివాడికి నేషనల్ కాంగ్రెసు గురించి గంటల తరబడి లెక్చరు దంచుతాడు. అంతా విన్న బండివాడు చివరికి అడిగింది తమ ఊరి హెడ్డు కానిస్టేబులు బదిలీ గురించి. ఈ ఘట్టానికి బండివాడి అమాయకత్వాన్ని చూసి నవ్వేవారే ఎక్కువ. నిజానికి నవ్వవలసింది గిరీశాన్ని చూసి. వినేవాడి గొడవ ఏమిటో కనుక్కోకుండా అంతసేపు మాట్లాడినవాడు అతడు. బండివాడిది ఒక్క ప్రశ్న. తనకు ఏం కావాలో, ఎవరివల్ల బాధో అందులోనే ఉంది. గ్రామసభలో పనికొచ్చే ప్రసంగం బండివాడిదే.

దాసుగారి బాణీ

వేలమందిని కూర్చోబెట్టి వినిపించడమెలాగో ఆదిభట్ల నారాయణదాసును చూసి నేర్చుకోవాలి. 1864 ఆగస్టు 31న అజ్జాడలో పుట్టిన ఈ హరికథా పితామహుడు 1883లో తొలి హరికథ చెప్పేనాటికి మైకన్నదే లేదు. కాలికి గజ్జెలు, చేతిలో చిరతలు, దానికి తోడు కంఠం. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. 1945 జనవరిలో కన్నుమూశారు. ఆయన పాండిత్యం అందరికీ వచ్చేది కాదు గాని, హరికథ నడిచే తీరు నుంచి ఎవరైనా తీసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

హరికథకుడు ఏకధాటిగా సాగడు. పద్యం పాడి ఆగుతాడు, మామూలు మాటల్లో చెబుతాడు, మళ్లీ పాట ఎత్తుకుంటాడు. జనం కునికిపాట్లు పడుతున్నారని తోచగానే కథ ఆపి ఒక పిట్టకథ అందుకుంటాడు, లేదా అందరిచేతా గోవింద కొట్టిస్తాడు. అంటే ఆయన చూపు ఎప్పుడూ వినేవాళ్ల ముఖాల మీదే. కాగితంలో తల దూర్చి చదివేవాడికి ఈ చూపు ఉండదు. అందుకే సభలో చదవడం కంటే చెప్పడం మేలు. మరిచిపోతామన్న భయముంటే చిన్న చీటీ మీద మూడు మాటలు రాసుకుంటే చాలు: నీళ్లు, మూడు నెలలు, మోటారు. గొంతు వెనక వరసకు చేరాలంటే అరవనక్కరలేదు. వెనక వరసలో కూర్చున్న ఒక మనిషిని చూస్తూ నిదానంగా మాట్లాడితే గొంతు దానంతటదే లేస్తుంది. మైకుంటే నోటికి జానెడు దూరంలో పెట్టుకోవాలి. మైకు మింగేసేలా మాట్లాడితే బుర్రుమనడం తప్ప ఏమీ వినపడదు.

ఈ ప్రాంతపు జముకుల కథలోనూ ఒక కిటుకుంది. కథకుడు ఒంటరిగా ఉండడు, పక్కన వంతలుంటారు. గ్రామసభకూ అలాగే వెళ్లాలి. ఒకరు చెబితే పక్కవారు లేచి "ఔను, మా ఇంటికీ అంతే" అనాలి. ఒక్కరి మాటను ఫిర్యాదని పక్కన పెట్టేవారు, నలుగురి మాటను అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. ముఖ్యంగా మహిళలు ఒక్కొక్కరుగా కాక నలుగురు ఒకచోట కూర్చుంటే మొదటి మాట త్వరగా వస్తుంది.

యాసకు సిగ్గెందుకు?

చాలామంది నోరు కట్టేసేది భయం కంటే యాస. సభలో పుస్తకాల తెలుగు మాట్లాడాలేమో, "నేదు" అంటే ఆఫీసర్లు నవ్వుతారేమో అన్న శంక. ఈ శంకను తీర్చడానికి ఈ జిల్లావాడే ఒకరు జీవితమంతా పోరాడారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే భాషకు రాతలో చోటు కావాలని వాదించారు. ఎదుటి పక్షంవారి పుస్తకాలే తెరిచి, వాటిలోని ప్రయోగాలనే సాక్ష్యంగా చూపేవారు. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలు ప్రసంగించారు. గ్రామసభలో అంతసేపు ఎవరూ ఆగరు గాని, చేతిలో ఆధారం పెట్టుకుని మాట్లాడటం మాత్రం నేర్చుకోవలసిందే. "మా యీదికి మూడు నెల్లనుండి నీళ్లు నేవు. మోటారు కాలిపోయిన తేదీ ఇదిగో" అన్న మాటకు ఎంత వ్యాకరణమూ అడ్డురాదు.

గిడుగు సవర భాష నేర్చుకోవడానికి కొండలు తిరిగారు. అక్కడ పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. చెవి సరిగా పనిచేయని మనిషే జనం మాట వినమని జీవితాంతం పోరాడారు. ఆయన పట్టించుకున్న ఆ సవరలు సీతంపేట ఏజెన్సీలో నేటికీ గ్రామసభలకు కూర్చుంటున్నారు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చింది. భూసేకరణకు ముందు వారిని సంప్రదించాలి. అలాంటి చోట సవరలోనే చెప్పి, తెలిసిన కుర్రవాడి చేత తెలుగులో చెప్పించడం మంచిది. రాని తెలుగులో సగం చెప్పడం కంటే అది నయం.

2006 తర్వాత ఉపాధి హామీ పనులపై సాగిన సామాజిక తనిఖీల్లో మస్టర్లను సభలో పైకి చదివారు. తమ పేరున పడిన రోజులు విని "ఆ వారం నేను పనికి రానేదు" అని చెప్పడానికి కూలీలకు ఉపన్యాస కళ అవసరం కాలేదు. తమకు కచ్చితంగా తెలిసిన ఒక్క సంగతి చాలింది. కాళ్లు వణికినా ఆ ఒక్క సంగతిని పట్టుకుని నిలబడవచ్చు.

లేవగానే పేరు, వీధి చెప్పాలి. తరువాతి వాక్యంలోనే కావలసినదేమిటో చెప్పాలి. కారణాలు ఆ తరువాత. "సభకు నమస్కారం, వేదికనలంకరించిన" అంటూ మొదలుపెడితే అసలు సంగతికి వచ్చేసరికి జనం లేచిపోతారు. ఒకసారికి ఒక విషయమే. ఎవరైనా మధ్యలో అడ్డు తగిలితే వారితో వాదానికి దిగకుండా, అధ్యక్షత వహించిన సర్పంచి వైపే చూస్తూ చెప్పుకుపోవాలి. పాత కక్షల ఊసు ఎత్తితే అసలు సంగతి అక్కడితో సరి.

చెప్పిన తరువాత కూర్చుంటే పని పూర్తి కాదు. "ఇది రాసుకున్నారా? ఒకసారి చదవండి" అని కార్యదర్శిని అడగాలి. కొన్ని ఊళ్లలో సభ మొదలు కాకముందే హాజరు సంతకాలు, వేలిముద్రలు తీసేసుకుంటారు. అలాంటి చోట అదే సంగతిని అర్జీగా రాసి తీసుకెళ్లి, రెండో ప్రతి మీద అందినట్లు సంతకం, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.