రొయ్యపిల్లల మేతలో సంకలితాలు: ప్రయోజనాలు, పరిమితులు

ప్రకాశం జిల్లాలో రొయ్యల సాగు కొత్తపట్నం, సింగరాయకొండ వంటి తీర మండలాలకే పరిమితమై ఉన్నది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఉప్పుటేరులు లేవు. అక్కడ ప్రధాన జలవనరు కంభం చెరువు వంటి మంచినీటి తటాకమే. అయినను బోరునీటితో వనామి పెంచవచ్చునా అన్న ప్రశ్న పశ్చిమ ప్రాంత విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురుకావచ్చును గనుక, ఈ విషయము వారికీ అవసరమే.

రొయ్యలలో ప్రతిరక్షకాలు ఏర్పడవు. కావున పశువులకువలె టీకాలతో దీర్ఘకాల రక్షణ కల్పించుట సాధ్యము కాదు. వాటి రక్షణభారమంతయు సహజ నిరోధక వ్యవస్థపైనే, ముఖ్యముగా రక్తకణాలపైనే ఉండును. ఈస్ట్ కణకవచము నుండి లభించు బీటా గ్లూకాన్‌ను గుర్తించినపుడు ఈ కణాలు ఉత్తేజితమై, ఫినాల్ ఆక్సిడేజ్ వ్యవస్థ పనిచేయనారంభించును. అయితే దీనిని నిరంతరాయముగా ఇచ్చినచో ప్రతిస్పందన సన్నగిల్లవచ్చును. విడతలవారీగా వాడుటయే మేలు.

బాసిల్లస్ జాతి ప్రోబయోటిక్‌లు పేగులో విబ్రియో బాక్టీరియాతో పోటీపడును. ఇవి సిద్ధబీజాలను ఏర్పరచుటచే నిల్వకు తట్టుకొనును. లాక్టోబాసిల్లస్‌కు ఆ సౌలభ్యము లేదు. యాంటీబయోటిక్ అవశేషాల కారణముగా ఎగుమతి సరకు తిరస్కరణకు గురగుచున్న నేపథ్యములో వీటికి ప్రాధాన్యము పెరిగినది. విటమిన్ సి లోపించినచో కవచము క్రింది కణజాలములో నల్లని మచ్చలేర్పడును. సాధారణ ఆస్కార్బిక్ ఆమ్లము నీటిలో త్వరగా కరిగిపోవును గనుక ఫాస్ఫేట్ రూపమును ఎంచుకొనవలెను. వెల్లుల్లి, పసుపు వంటి వాటిపై ఫలితాలు ప్రయోగమునకొక విధముగా ఉన్నవి.

ఇక బోరునీటి సంగతి. సముద్రజలములో సోడియం, పొటాషియం నిష్పత్తి సుమారు 28:1. బోరునీటిలో పొటాషియం తరచు ఇంతకన్న తక్కువగా ఉండి, పిల్లలు నీరసించి చనిపోవును. మేతలో పొటాషియం, మెగ్నీషియం కలుపుట కొంత తోడ్పడినను, నీటినే సరిచేయుట ఎక్కువ ఫలప్రదము. పిల్లలు వదలకముందే నీటి విశ్లేషణ జరిపించుట తప్పనిసరి.

తెల్లమచ్చల వ్యాధిని గాని, ఇ.హెచ్.పి.ని గాని ఏ సంకలితమూ నయము చేయదు. అట్లు చెప్పి అమ్ముచున్న డబ్బాలకు వెచ్చించు సొమ్ముతో పి.సి.ఆర్. పరీక్ష జరిగిన సీడ్ కొనుట రైతుకు లాభము. పైగా చెరువులో తొలి వారాలలో పిల్లలు ప్లవకాలను అధికముగా తినును. చల్లిన మేతలో చాలభాగము వాటి నోటికి చేరదు. అందుచేత నర్సరీ తొట్లలో, చేపనూనె వంటి బంధకముతో పూసి ఇచ్చిన సంకలితమే పిల్లలకు ఎక్కువగా అందును. ప్రదర్శన క్షేత్రాలలో ఒక చెరువుకైనను సంకలితము లేని మేత వేసి, బ్రతికిన శాతము, సగటు బరువు, కాలేయక్లోమ గ్రంథి రంగు, కిలో రొయ్యకు అయిన ఖర్చు ప్రక్కప్రక్కనే నమోదు చేయవలెను.