తల్లిపాలకు తోడుగా ఉగ్గుగిన్నె

బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలనీ, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే చీకడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడు పనుల మధ్య పొందిక గర్భంలో దాదాపు 34 వారాలు నిండితే గానీ కుదరదు కనుక, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, అంగిలి చీలికతో పుట్టినవారికీ కొంతకాలం వేరే సాధనంతో పాలు పట్టక తప్పదు.

బిడ్డ చీకినప్పుడు కలిగే ప్రేరణకు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో పాలు తయారవుతాయి, రొమ్ము ఖాళీ అయినకొద్దీ మళ్లీ ఊరుతాయి. అందువల్ల బిడ్డ రొమ్ము పట్టలేని రోజుల్లో తల్లి రాత్రివేళ సహా రోజుకు కనీసం ఎనిమిదిసార్లు పాలు పిండుతూ ఉండాలి.

అలా పిండిన పాలు పట్టడానికి తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఉగ్గుగిన్నె నేటికీ పనికొచ్చే సాధనమే. తమిళులు పాలాడై అనే ఇటువంటి గిన్నెనే ఆసుపత్రుల్లోని నవజాత శిశు విభాగాల్లోనూ వాడుతున్నారు. మేలుకొని ఉన్న బిడ్డను తల ఎత్తుగా ఉండేలా ఒడిలో పట్టుకొని, గిన్నె ముక్కును కింది పెదవిపై నోటి మూలకు ఆనించి, కొద్దికొద్దిగా పాలు వంచుతూ, ఆ గుక్క మింగిన తరువాతే మరికొంత వంచాలి. తొందరపడి పోస్తే పొలమారుతుంది. పాలసీసా పీకలో మురికి పేరుకుంటుంది, దానికి అలవాటుపడిన పిల్లల్లో కొందరు రొమ్ము పట్టడానికి మారాం చేస్తారు. ఉగ్గుగిన్నెను కడిగి నీటిలో మరిగించడం తేలిక. పాలసీసాల ప్రకటనలను భారతదేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది.

బిడ్డ రొమ్ము పట్టగలిగినా పాలు చాలని సందర్భంలో, సన్నని గొట్టం ఒక కొసను పాలకప్పులో ముంచి, రెండో కొసను చనుమొన పక్కన అంటించే పద్ధతి ఉంది. బిడ్డ రొమ్ము చీకుతూనే కప్పులోని పాలూ తాగుతుంది కనుక కడుపూ నిండుతుంది, పాలు ఊరడానికి కావలసిన ప్రేరణా అందుతుంది. కప్పును పైకెత్తితే ధార పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. ఈ పద్ధతిని ఆరోగ్య సిబ్బంది దగ్గర నేర్చుకొని మొదలుపెట్టాలి.

ఏ సాధనం వాడినా మొదటి ఎంపిక తల్లి పిండిన పాలే. అవి చాలకపోతే ఇతర తల్లులు దానమిచ్చినవాటిని శుద్ధిచేసి అందించే పాలబ్యాంకు ఉంది. ఆసియాలో మొదటిది 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో ఏర్పడగా, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ప్రారంభమైంది. డబ్బాపాలు వైద్యుల సలహా మేరకే పట్టాలి.

పాలు పడలేదన్న అనుమానంతోనే పైపాలు మొదలుపెట్టడం తగదు. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే తల్లిపాలు చాలుతున్నట్టే. ఆ రెండింటిలో ఏది తగ్గినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించాలి.