ప్రపంచ కప్‌కు పక్క ద్వారం: ఐసీసీ ట్రోఫీ

టెస్ట్ హోదా లేని దేశాలు ప్రపంచ కప్‌లో అడుగుపెట్టేందుకు ఏర్పడిన పోటీ ఐసీసీ ట్రోఫీ. 1979లో ఇంగ్లండ్‌లో 15 జట్లతో మొదలైంది. ఫైనల్ చేరిన శ్రీలంక, కెనడాలకు ఆ ఏటి ప్రపంచ కప్‌లో చోటు దక్కింది. అక్కడ శ్రీలంక భారత్‌నే 47 పరుగుల తేడాతో ఓడించింది. కొద్ది రోజులకే ఐసీసీ ట్రోఫీనీ గెలుచుకుంది, 1981లో టెస్ట్ హోదా సాధించింది.

తర్వాత 1982, 1986, 1990లలో వరుసగా జింబాబ్వే గెలిచింది. 1983 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాను ఓడించిన ఆ జట్టు 1992లో టెస్ట్ క్రికెట్‌లోకి వచ్చింది.

అన్నిటిలోకీ గొప్ప ఫైనల్ 1997లో కౌలాలంపూర్‌లో జరిగింది. స్టీవ్ టికోలో 147 పరుగులతో కెన్యా 241 చేసింది. వాన పడడంతో బంగ్లాదేశ్ లక్ష్యం 25 ఓవర్లలో 166గా మారింది. చివరి బంతికి కావలసింది ఒక్క పరుగు. లెగ్ బైతో అది వచ్చింది. మూడేళ్లకు బంగ్లాదేశ్ టెస్ట్ దేశమైంది. ఆ గెలుపే లేకుంటే ఆ దేశ క్రికెట్ కథ వేరుగా ఉండేదేమో!

2009 నుంచి ఐసీసీ ట్రోఫీ ప్రపంచ కప్ క్వాలిఫయర్‌గా సాగుతోంది. టెస్ట్ జట్లు కూడా ఆడిన 2018 పోటీలో అఫ్గానిస్తాన్ ఫైనల్లో వెస్టిండీస్‌ను ఓడించింది. 2023లో, తొలి రెండు ప్రపంచ కప్‌ల విజేత వెస్టిండీస్ ఈ అర్హత పోటీలోనే వెనుదిరిగి మొదటిసారి ప్రపంచ కప్‌కు దూరమైంది. చిన్న జట్ల పోటీ అని దీన్ని తేలిగ్గా తీసుకోవడం పొరపాటు.