పరిచారకురాలు: పదవిచారము

నెల్లూరు మండలపుఁ బడమటిదెస నుదయగిరియందు 1885వ సంవత్సరమునను, ఆత్మకూరునందు 1893వ సంవత్సరమునను అమెరికా బాప్తిస్టు మిషనువారు స్థానములు నెలకొల్పిరి. పురుషబోధకులకుఁ బ్రవేశములేని లోగిళ్లలోనికి వాక్యమును గొనిపోయినవారు 'బైబిలు స్త్రీలు'. ఈ పేరు పనిని దెలుపునే కాని సంఘమునఁ బదవిని దెలుపదు.

పదవీవాచకము తెలుఁగు బైబిలుననే కలదు. రోమాపత్రిక 16వ యధ్యాయమున ఫీబే 'పరిచారకురాలు'. ఫిలిప్పీపత్రికారంభమున అధ్యక్షులతోఁ బేర్కొనఁబడిన 'పరిచారకులు' అను దానికిది స్త్రీరూపము. గ్రీకు మూలమున రెండుచోట్లను 'డియాకొనోస్' అను నుభయలింగశబ్దమే.

తిమోతి మొదటిపత్రిక 3వ యధ్యాయమున వివాదము ముదురును. అచ్చటి గ్రీకుపదమునకు స్త్రీయనియు భార్యయనియు రెండర్థములు. 1611 నాఁటి యాంగ్లానువాదము పరిచారకుల భార్యలనెను. తెలుఁగువారు పరిచర్యచేయు స్త్రీలనిరి. మొదటి యర్థమునఁ బదవి భర్తది, రెండవదాన నామెది. తెలుఁగుపాఠమే మేలు, ఏలయన 'వారి' యను షష్ఠ్యంతము మూలమున లేదు. నిషేధవాదులకు 2వ యధ్యాయము శరణ్యము. స్త్రీ యుపదేశింపరాదేని బైబిలు స్త్రీ లోగిళ్లలోఁ జేసినది మఱేమి?

దక్షిణ ఇండియా సంఘమున 2013వ సంవత్సరమున ఇ. పుష్పలలితగారు నంద్యాల బిషప్పుగా నభిషిక్తులైరి. బాప్తిస్టుల వ్యవస్థ వేఱు. ప్రతిసంఘమును దన పరిచారకులను దానే యెన్నుకొనును. కావున నుదయగిరి, ఆత్మకూరు సంఘములలో నీ ప్రశ్న బిషప్పు నెదుటఁ గాక సంఘసభలోనే తేలవలసియున్నది.