స్వగ్రామమునకు మరలిన తోరా చుట్టలు

యూదుల ప్రార్థనాలయమునకు సమాజమందిరమని పేరు. అందు విగ్రహముండదు. యెరూషలేము దిక్కుగా నున్న గోడయొద్ద ఒక మందసము, అందులో తోరా గ్రంథపు చుట్టలు మాత్రముండును. మోషే పేర ప్రసిద్ధములైన ఐదు కాండములను లేఖకుడు చర్మపత్రముపై ఈక కలముతో వ్రాయును. మొత్తము 3,04,805 అక్షరములు. తాటాకు ప్రతిలో ఒక యక్షరమును పురుగు తిన్నను మనకు పాఠము సాగిపోవును; వారికి సాగదు. ఒక్క యక్షరము చెరిగినను, సవరించువరకు ఆ చుట్ట సభలో చదువుటకు పనికిరాదు. సభలో తోరా చదువవలెనన్న పదిమంది పెద్దలుండవలెను. ఈ నియమమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

1939 మార్చిలో జర్మనులు ఆక్రమించునాటికి బోహీమియా, మొరేవియా ప్రాంతములలో సుమారు 1,18,000 మంది యూదులుండిరి. వారిలో సుమారు 80,000 మంది హతులైరి. పెక్కుమందిని మొదట తెరెజిన్ కోటలో నిర్బంధించి, పిదప తూర్పుననున్న మరణశిబిరములకు పంపిరి. 1942 నుండి గ్రామముల సమాజమందిరముల సామగ్రి యంతయు ప్రాగ్ నగరపు యూదు సంగ్రహాలయమునకు చేరినది. దానికి పట్టికలు వ్రాసినవారును యూదులే. వారిలో ననేకులు పిదప తామును శిబిరములకు పంపబడిరి. నశించిన జాతికొక ప్రదర్శనశాలగా నుంచుటకే నాజీలు ఈ వస్తువులను దాచిరని ఒక కథ వ్యాప్తిలో నున్నది. దానికి వ్రాతమూలకమగు ఆధారము కానరాదు. వస్తువులను కాపాడవలెనను పట్టుదల ఆ యూదు ఉద్యోగులదే యనుట సమంజసము.

యుద్ధానంతరము తోరా చుట్టలు ప్రాగ్ శివారునందలి మిఖ్లే సమాజమందిరమున చెమ్మలో పడియుండెను. కళావస్తువుల వర్తకుడు ఎరిక్ ఎస్టోరిక్ మధ్యవర్తియై, రాల్ఫ్ యాబ్లన్ ధనమియ్యగా, 1564 చుట్టలు 1964 ఫిబ్రవరిలో లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ సమాజమందిరమునకు చేరినవి. మరమ్మతు పని యేమైన గలదా యని తలుపు తట్టిన డేవిడ్ బ్రాండ్ అను లేఖకుడు దాదాపు మూడు దశాబ్దములు అచటనే కూర్చుండి వానిని సవరించెను.

ఈ చుట్టలను ఎవరికిని విక్రయింపలేదు, దానమును చేయలేదు. సంఖ్య వేసి, ఎరువుగా మాత్రమే పలు దేశముల సభలకు ఇచ్చిరి. అట్లు పొందిన సభలు వేయికి మించినవి. ఎరువు వస్తువునకు స్వంతదారు ఒకడుండును గదా! ఇచట స్వంతదారు ఒక యూరు. ఆ యూర యూదులు లేరు. కావున ఎరువు తెచ్చుకొన్న సభవారు ఆ యూరివారి పేర్లు వెదకుట, వారిని స్మరించుట తమ విధిగా గ్రహించిరి. ఇంగ్లండులోని కింగ్‌స్టన్ సభవారు ఇట్లే తమ చుట్ట వచ్చిన ఒస్త్రావా అను బొగ్గుగనుల నగరపు యూదుల చరిత్రను శోధించి, దేశదేశములలో చెదరిన వారి సంతతిని కలిసికొనిరి.

ఆ విధియే యాత్రకు దారితీసినది. యాత్రికులు తరచుగా మొదట ప్రాగ్ చేరుదురు. అచట పింకాస్ సమాజమందిరపు గోడలపై హతులైన దాదాపు 80,000 మంది పేర్లు చేతితో వ్రాయబడియున్నవి. 1950ల దశకమున వ్రాసిన ఆ పేర్లు పిదప నశింపగా, 1992 – 1996 నడుమ మరల వ్రాసిరి. అటుపిమ్మట తెరెజిన్. చివరకు తమ యూరు. అచటి సమాజమందిరము గిడ్డంగియో, చర్చియో, సంగీతశాలయో యైయుండవచ్చును; కూలిపోయియు నుండవచ్చును. శ్మశానము మిగిలియుండును. సమాధులపై పూవులుంచుట వారి ఆచారము గాదు, చిన్న రాళ్లుంచుదురు. కద్దీష్ అను ప్రార్థన పఠింతురు. మృతులకొరకు పఠించు ఈ ప్రార్థనలో మరణమను మాటయే లేదు. ఉన్నది దైవస్తుతి మాత్రమే. దీనికిని పదిమంది కావలెను.

మరణస్థలములను మాత్రమే చూచి మరలు యాత్ర అసంపూర్ణమని చెప్పకతప్పదు. ఆ దేశమున యూదులు దాదాపు వేయి సంవత్సరములు బ్రతికిరి, పెండ్లిండ్లు చేసికొనిరి, పండుగలు చేసిరి. అందుచేతనే కొన్ని సభలు చుట్టను వెంట తీసికొనిపోయి, స్వగ్రామముననే తెరచి చదువుదురు. కొన్ని కుటుంబములు తమ పదుమూడేండ్ల బిడ్డ మొదటిసారి తోరా చదువు వేడుకలో, ఆ వయస్సు రాకమునుపే హతుడైన ఆ యూరి బాలునొకని పేరును కలిపి చెప్పుదురు. చదువు ముగిసిన పిమ్మట పాటలు పాడుదురు. ఊరివారును, పాఠశాల పిల్లలును వచ్చి వెనుక బల్లలపై కూర్చుండుట కలదు.

సాయంకాలమునకు చుట్టను చుట్టి, వస్త్రము తొడిగి, యాత్రికులు బయలుదేరుదురు. ఆ యూర తోరా మరల వినబడవలెనన్న మరల పదిమంది రావలెను.